తిప్పితే మబ్బుపట్టే ద్రావణాలు: షియర్‌లో పాలిమర్లు ఎందుకు విడిపోతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

రియాలజీ (పదార్థాలు ఎలా ప్రవహిస్తాయో చూసే శాస్త్రం) ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్ల సందేహాలు ఏటా దాదాపు అవే, అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఎక్కువగా పాలిస్టైరీన్‌ను డైఆక్టైల్ థాలేట్‌లో కరిగించిన ద్రావణం గురించే మాట్లాడాను (ఇక నుంచి డీఓపీ అంటాను), ఎందుకంటే ఈ విషయంలో ఎక్కువ చర్చ జరిగింది దాని మీదే.

## అసలు సంగతి

తిప్పితే కలవాలి కదా, విడిపోవడమేంటి?

చిన్న అణువుల ద్రవాలకైతే మీ లెక్క కరెక్టే. రెండు ద్రవాల మిశ్రమం విడిపోయే ఉష్ణోగ్రతకు దగ్గర్లో ఉన్నప్పుడు దాంట్లో గాఢత ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఊగుతూ ఉంటుంది, షియర్ ఇస్తే (అంటే పక్కపక్క పొరలు వేర్వేరు వేగాలతో జారేలా తిప్పితే) ఆ ఊగిసలాటలు సాగి చెదిరిపోయి విడిపోవడం కాస్త వెనక్కి జరుగుతుంది. 1979లో ఒనుకి, కవాసకి సిద్ధాంతపరంగా చూపించింది ఇదే. పొడవాటి గొలుసుల్లాంటి పాలిమర్ అణువులు వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ప్రవాహం గొలుసును సాగదీస్తుంది, గొలుసు మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది, ఆ లాగుడే స్ట్రెస్. గొలుసులు కాస్త ఎక్కువున్న చోట చిక్కులు ఎక్కువ, కాబట్టి స్ట్రెస్ కూడా ఎక్కువ. ఇలా స్ట్రెస్ అన్నిచోట్లా సమానంగా లేనప్పుడు గొలుసులు సాల్వెంట్‌ను (కరిగించిన ద్రవాన్ని) వదిలేసి, అప్పటికే చిక్కగా ఉన్న వైపుకే లాక్కుపోతాయి, సాల్వెంట్ బయటకు నెట్టబడుతుంది. డిఫ్యూజన్ (అణువులు తమంతట తామే అన్నిచోట్లకూ పరుచుకోవడం) ఆ తేడాను చెరిపేయాలని చూస్తూనే ఉంటుంది. షియర్ జోరు డిఫ్యూజన్‌ను మించినప్పుడు మనకు మబ్బు కనిపిస్తుంది.

మజ్జిగ చిలికితే వెన్న తేలినట్టేనా ఇది?

చాలామంది ఇలాగే అనుకుంటారు, కాదు. పెరుగులో కొవ్వు అప్పటికే సన్నటి బొట్లుగా విడిగా ఉంది, కవ్వం ఆ బొట్ల పైపొరను చింపి ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది, అంతే. అక్కడ మొదటి నుంచీ రెండు ఫేజులు (ఒకదాంట్లో ఒకటి కరగని భాగాలు) ఉన్నాయి. మన ద్రావణంలో తిప్పకముందు ఉన్నది ఒకటే ఫేజు, అద్దంలా ఉంటుంది, ప్రతి గొలుసూ పూర్తిగా కరిగి ఉంటుంది. అలాంటి దాంట్లో మబ్బు రావడమే వింత.

దీన్ని మొదట ఎవరు గమనించారు?

1974లో వెర్ స్ట్రేట్, ఫిలిప్పాఫ్ ప్రవహిస్తున్న పాలిమర్ ద్రావణం మబ్బుపట్టడాన్ని ఒక చిన్న పేపర్‌లో రాశారు. గట్టిగా చర్చ మొదలైంది మాత్రం 1984లో. రాంజెల్-నఫైలే, మెట్జ్‌నర్, విస్‌బ్రన్ అనే ముగ్గురు పాలిస్టైరీన్–డీఓపీలో షియర్ వల్ల క్లౌడ్ పాయింట్ (మబ్బు మొదలయ్యే ఉష్ణోగ్రత) 28 డిగ్రీల దాకా పైకి జరిగిందని చెప్పారు. 1989లో హెల్ఫండ్, ఫ్రెడ్రిక్‌సన్ దీనికి కొత్త వివరణ ఇచ్చారు, దాదాపు అదే సమయంలో ఒనుకి కూడా వేరుగా అటే వచ్చాడు. 1991లో క్యోటోలో హషిమొతో బృందం, అమెరికాలో వూ, పైన్, డిక్సన్ షియర్‌లో ఊగిసలాటలు పెరగడాన్ని కాంతి పరిక్షేపణంతో (కాంతి చెదిరే తీరును బట్టి) చూపించారు. 1992లో డోయ్, ఒనుకి స్ట్రెస్‌నూ గాఢతనూ కలిపి రాసిన సమీకరణాలనే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు.

మరి క్లౌడ్ పాయింట్ నిజంగా 28 డిగ్రీలు జరిగిందా, లేదా?

మబ్బు కనిపించిన ఉష్ణోగ్రత జరిగింది, అందులో అనుమానం లేదు. గొడవంతా దాని అర్థం గురించి. మొదట్లో ఆలోచన ఇలా ఉండేది: సాగిన గొలుసుల్లో సాగుడు శక్తి నిల్వ ఉంటుంది, దాన్ని ఫ్లోరీ–హగ్గిన్స్ ఉచిత శక్తికి (ద్రావణం కలిసి ఉంటుందా, విడిపోతుందా అని చెప్పే లెక్కకు) కలిపేస్తే ఫేజ్ డయాగ్రామే (ఏ ఉష్ణోగ్రత, గాఢతల దగ్గర విడిపోతుందో చూపే పటమే) పైకి జరుగుతుంది, కాబట్టి ద్రావణం నిజంగానే రెండుగా విడిపోతోంది. వినడానికి బాగుంటుంది, కానీ ఉచిత శక్తి అనేది సమతాస్థితికి చెందిన మాట. ప్రవహిస్తున్న ద్రావణంలోకి శక్తి నిరంతరం వస్తూ, వేడిగా పోతూ ఉంటుంది, అక్కడ ఆ లెక్కను నేరుగా వాడితే నమ్మకం తక్కువ.

హెల్ఫండ్, ఫ్రెడ్రిక్‌సన్ చెప్పింది వేరు. ఫేజ్ డయాగ్రామ్ జరగనవసరం లేదు, విస్కాసిటీ (ద్రవం చిక్కదనం), నార్మల్ స్ట్రెస్ (ప్లేట్లను విడదీసేలా నెట్టే స్ట్రెస్) రెండూ గాఢతతో మారతాయి కాబట్టి ఉన్న ఊగిసలాటలే షియర్‌లో చాలా పెద్దవవుతాయి, కంటికి అదే మబ్బు. ఆ తర్వాత వచ్చిన పరిక్షేపణ ప్రయోగాలు ఎక్కువగా ఈ వైపే మొగ్గాయి. అలాగని షియర్‌లో అసలు విడిపోవడమే ఉండదని కాదు, షియర్ బాగా పెరిగితే ఊగిసలాటలు ఎంత బలపడతాయంటే ఆ రెండిటి మధ్య గీత గీయడమే కష్టం. నా మటుకు నేను చెప్పేది ఒక్కటే, మబ్బు చూడగానే ఫేజ్ సెపరేషన్ అని రాసేయకండి.

అందరూ ఆ పాలిస్టైరీన్–డీఓపీనే ఎందుకు పట్టుకున్నారు?

సౌకర్యం. దాని థీటా ఉష్ణోగ్రత (అంతకంటే చల్లబడితే సాల్వెంట్ గొలుసులకు సరిపడకుండా పోయే ఉష్ణోగ్రత) సుమారు 22 డిగ్రీల సెల్సియస్, అంటే మామూలు గది వాతావరణంలోనే విడిపోయే అంచుకు దగ్గరగా ఉంటుంది. డీఓపీ ఆవిరైపోదు. పైగా అదే కాస్త చిక్కటి ద్రవం కాబట్టి గొలుసులు నెమ్మదిగా సడలుతాయి, తక్కువ షియర్ రేట్‌కే (పొరలు ఒకదానిమీద ఒకటి జారే వేగానికే) ప్రభావం కనిపిస్తుంది. సైక్లోహెక్సేన్‌లో థీటా 34.5 డిగ్రీలు, సిద్ధాంతానికి అదీ బాగుంటుంది కానీ రియోమీటర్ (ద్రవాన్ని ప్లేట్ల మధ్య తిప్పి కొలిచే పరికరం) అంచుల దగ్గర ఆవిరవుతూ ప్రాణం తీస్తుంది. డీఓపీ పీవీసీని మెత్తబరచడానికి వాడే రసాయనమే, పునరుత్పత్తి ఆరోగ్యానికి హాని ఉందని తేలింది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

## శాంపిల్ చేసేటప్పుడు

ఎంత గాఢత వేయాలి? ఒక శాతం చాలదా?

గొలుసు పొడవును బట్టి ఉంటుంది. గొలుసులు ఒకదానిమీద ఒకటి ఎక్కడం మొదలయ్యే గాఢతను ఓవర్‌ల్యాప్ గాఢత అంటారు, ఇంట్రిన్సిక్ విస్కాసిటీని, అంటే బాగా పలచటి ద్రావణంలో పాలిమర్ చిక్కదనాన్ని ఎంత పెంచుతుందో చెప్పే అంకెను, తిరగేస్తే (ఒకటిని దాంతో భాగిస్తే) సుమారుగా అదే వస్తుంది. మనకు కావాల్సింది దానికంటే చాలా పైన, గొలుసులు బాగా చిక్కుపడి ఉండే స్థితి. మాలిక్యులర్ వెయిట్ పది లక్షలు దాటితే కొన్ని శాతాలు సరిపోతాయి, లక్ష దగ్గర ఉంటే అదే గాఢతలో పెద్దగా ఏమీ కనపడదు. మరీ పలచటి ద్రావణంలో గొలుసులు విడివిడిగా సాగుతాయి తప్ప వల ఉండదు, వల లేనిదే సాల్వెంట్‌ను బయటకు నెట్టే పని జరగదు.

త్వరగా కరగాలని స్టిరర్ ఫుల్ స్పీడ్‌లో పెట్టొచ్చా? సోనికేటర్ (అల్ట్రాసౌండ్‌తో కదిపే పరికరం)?

వద్దు. పొడవాటి గొలుసులు సరిగ్గా మధ్యలో తెగుతాయి, ముఖ్యంగా సోనికేటర్‌లో. మీరు పాతిక లక్షల పాలిమర్ కొని పన్నెండు లక్షల పాలిమర్ మీద ప్రయోగం చేసినట్టవుతుంది. త్వరగా ఆవిరయ్యే మంచి సాల్వెంట్‌లో ముందు కరిగించి, డీఓపీ కలిపి, ఆ సాల్వెంట్‌ను నెమ్మదిగా పంపేయడం మామూలు పద్ధతి. పోయిందో లేదో బరువు చూసి నిర్ధారించుకోండి, కొంచెం మిగిలినా అది మంచి సాల్వెంట్ కాబట్టి క్లౌడ్ పాయింట్‌ను కిందికి లాగేస్తుంది.

మాలిక్యులర్ వెయిట్ పంపిణీ వెడల్పుగా ఉంటే ఏమవుతుంది?

మబ్బు వస్తుంది, ఎందుకొచ్చిందో చెప్పలేరు. పొడవాటి గొలుసులు ముందు స్పందిస్తాయి, పొట్టివి సాల్వెంట్‌లా ప్రవర్తిస్తాయి, ఏ రిలాక్సేషన్ టైమ్‌తో (సాగిన గొలుసు తిరిగి సడలడానికి పట్టే సమయంతో) పోల్చాలో తెలియదు.

## తిప్పేటప్పుడు

షియర్ రేట్ ఎంత పెట్టాలి?

అంకె ముఖ్యం కాదు, రిలాక్సేషన్ టైమ్‌తో గుణిస్తే ఎంతొస్తుందన్నది ముఖ్యం. ఆ లబ్ధాన్నే వైసెన్‌బర్గ్ సంఖ్య అంటారు. ముందు ఆసిలేషన్ టెస్ట్ (శాంపిల్‌ను అటూ ఇటూ ఊపే పరీక్ష) చేసి స్టోరేజ్, లాస్ మాడ్యులస్‌లు (స్ప్రింగులా నిలిపే గుణం, ద్రవంలా జారే గుణం) కలిసే ఫ్రీక్వెన్సీ చూడండి, దాన్ని తిరగేస్తే రిలాక్సేషన్ టైమ్ సుమారుగా తెలుస్తుంది. అది అర సెకను అయితే సెకనుకు 2 షియర్ రేట్ దగ్గర వైసెన్‌బర్గ్ సంఖ్య 1. దానికి బాగా కింద గొలుసులు సడలడానికి టైమ్ ఉంటుంది, ఏమీ జరగదు, పైకి వెళ్తుంటే ఎక్కడో అక్కడ మబ్బు మొదలవుతుంది. పోల్చుకోవడానికి చెప్తున్నా, బ్రష్‌తో పెయింట్ వేస్తే సెకనుకు వేలల్లో ఉంటుంది, స్ప్రే చేస్తే పది వేలు దాటుతుంది.

కోన్-ప్లేట్ మంచిదా, ప్యారలల్ ప్లేట్ మంచిదా?

కోన్-ప్లేట్‌లో (చదును ప్లేటు మీద తక్కువ వాలు శంకువు) షియర్ రేట్ అంతటా ఒకటే. ప్యారలల్ ప్లేట్‌లో (రెండూ చదును ప్లేట్లే) మధ్యలో సున్నా, అంచు దగ్గర గరిష్ఠం, కాబట్టి అంచున మబ్బు, మధ్యలో అద్దం కనిపిస్తే కంగారుపడకండి, అది ఒకేసారి అన్ని షియర్ రేట్లూ చూపించే మ్యాప్ లాంటిది, నిజానికి మొదటిసారి హద్దు ఎక్కడుందో వెతకడానికి నాకు అదే ఇష్టం. కోన్-ప్లేట్‌కీ ఒక దోషం ఉంది: ప్రవాహం గుండ్రంగా ఉంటుంది కాబట్టి పొడవాటి గొలుసులు గంటల తరబడి తిప్పితే మెల్లగా కేంద్రం వైపు చేరతాయి. ఇది విడిపోవడం కాదు, వలస.

షియర్ వల్ల వేడెక్కి మబ్బుపట్టిందేమో? ఎలా తెలుసుకోవడం?

ఈ ప్రశ్న అడిగినవాళ్లు బాగుపడతారు. ముందు లెక్క వేద్దాం. ఘనపు మీటరుకు పుట్టే వేడి అంటే విస్కాసిటీని షియర్ రేట్ వర్గంతో గుణించడమే. విస్కాసిటీ 10 పాస్కల్ సెకన్లు, షియర్ రేట్ సెకనుకు 100 అనుకుంటే ఘనపు మీటరుకు లక్ష వాట్లు. వేడి ఎటూ పోకపోతే సేంద్రియ ద్రవం నిమిషానికి దాదాపు 3 డిగ్రీలు ఎక్కుతుంది. గ్యాప్ 1 మిల్లీమీటరే ఉండి రెండు ప్లేట్లనూ ఒకే ఉష్ణోగ్రతలో పట్టి ఉంచితే మధ్యలో పెరిగేది డిగ్రీలో పదో వంతు కూడా ఉండదు. ఒక ప్లేటుకే ఉష్ణోగ్రత నియంత్రణ ఉండి రెండోది వేడిని పోనివ్వకపోతే అది నాలుగు రెట్లవుతుంది.

ఇక రెండో విషయం, నాకు ఎక్కువ నచ్చేది. పాలిస్టైరీన్–డీఓపీ చల్లబడితే విడిపోయే వ్యవస్థ, వేడెక్కితే ఇంకా బాగా కరగాలి. కాబట్టి అక్కడ వేడిని నిందించలేం, వేడి మబ్బును తగ్గించే వైపే పనిచేస్తుంది. కానీ నీళ్లలో పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ లాంటిది తీసుకుంటే అది సుమారు 32 డిగ్రీల దగ్గర వేడెక్కి విడిపోతుంది, 31.8 దగ్గర ప్రయోగం పెట్టుకుని తిప్పగానే మబ్బొచ్చిందని సంబరపడితే పరీక్షకుడు మొదట అడిగేది ఈ ప్రశ్నే.

లేజర్ వేస్తే తెర మీద సీతాకోకచిలుక బొమ్మ వచ్చింది. అంటే ఏంటి?

షియర్ లేనప్పుడు పరిక్షేపణ అన్నివైపులా సమానంగా, గుండ్రంగా ఉంటుంది. కాంతిని వేగం మారే దిశలో పంపి చూస్తే, షియర్ పెరిగాక ప్రవాహం దిశలో అటూ ఇటూ రెండు వెలుగు రెక్కలు, వాటి మధ్య ప్రవాహానికి అడ్డంగా ఒక నల్లటి గీత కనిపిస్తాయి, అందుకే ఆ పేరు. పరిక్షేపణ బొమ్మను చదివేటప్పుడు అడ్డం నిలువు తిరగబడతాయని గుర్తుంచుకోవాలి: రెక్కలు ప్రవాహం దిశలో ఉన్నాయంటే గాఢత ఎక్కువ తక్కువలు ప్రవాహం వెంబడి మారుతున్నాయని, అంటే చిక్కటి ముద్దలు ప్రవాహానికి అడ్డంగా పేరుకున్నాయని అర్థం. మామూలు బొట్లయితే ప్రవాహం వాటిని పొడవుగా సాగదీయాలి కదా, ఇక్కడ దాదాపు ఉల్టా, స్ట్రెస్ వల్ల పుట్టిన ఊగిసలాటలు అనడానికి బలమైన గుర్తు ఇదే. షియర్ ఇంకా బాగా పెంచితే ప్రవాహానికి అడ్డంగా పదునైన వెలుగు గీత వస్తుంది, అప్పుడు నిజంగానే ప్రవాహం వెంట దారాల్లాంటి నిర్మాణాలు ఏర్పడ్డాయన్నమాట.

విస్కాసిటీ తగ్గుతూ వచ్చి ఉన్నట్టుండి పెరిగింది. మెషీన్ పోయిందా?

బహుశా కాదు. ఇలాంటి ద్రావణాల్లో విస్కాసిటీ ముందు షియర్‌తో తగ్గుతుంది, ఒక హద్దు దాటాక విస్కాసిటీ, నార్మల్ స్ట్రెస్ మళ్లీ ఎగబాకుతాయి, తెర మీద బొమ్మ మారేది కూడా ఆ చుట్టుపక్కలే. స్ట్రెస్ ఠక్కున పడిపోతే మాత్రం అంచు చూడండి, శాంపిల్ అంచు లోపలికి చీలిపోయి ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన డేటా మొత్తం పారేయాల్సిందే.

షియర్ ఎక్కువ పెడితే గొలుసులన్నీ పూర్తిగా సాగి బారుగా నిలబడతాయా?

పాఠ్యపుస్తకాల బొమ్మలు చూసి అలా అనిపిస్తుంది. షియర్ ప్రవాహంలో సగం సాగదీత, సగం భ్రమణం. సాగిన గొలుసు ఒక చివర కాస్త పక్కకు జరగగానే ప్రవాహం దాన్ని పల్టీ కొట్టిస్తుంది, మళ్లీ ముడుచుకుంటుంది, మళ్లీ సాగుతుంది. 1999లో స్మిత్, బాబ్‌కాక్, స్టీవెన్ చూ ఫ్లోరసెంట్ రంగు పూసిన డీఎన్ఏ గొలుసుల్ని ఒక్కొక్కటిగా మైక్రోస్కోప్‌లో చూస్తే, షియర్ ఎంత పెంచినా సగటు పొడవు పూర్తి పొడవులో సగం దగ్గరే ఆగిపోయింది. కేవలం సాగదీసే ప్రవాహంలోనైతే దాదాపు పూర్తిగా సాగుతాయి.

## ఆపాక

ఆపగానే క్లియర్ అయిపోయింది, అంటే విడిపోనట్టేగా?

అలా తేల్చలేం, చాలా పేపర్లు ఇక్కడే తొందరపడతాయి. తిప్పనప్పుడు ఆ ఉష్ణోగ్రతలో ఒకటే ఫేజు స్థిరం, కాబట్టి ఆపాక ఏదైనా చివరికి కలిసిపోవాల్సిందే, పెద్దవైన ఊగిసలాటలైనా, నిజంగా విడిపోయిన బొట్లైనా. చూడాల్సింది ఎంతసేపట్లో కలిసింది, తిప్పుతున్నంతసేపూ ఏం జరిగింది అన్నవి. గాఢత డిఫ్యూజన్ గుణకం సెకనుకు 1 చదరపు మైక్రాన్ అనుకుంటే 1 మైక్రాన్ ముద్ద సెకనులో, 10 మైక్రాన్ల ముద్ద 100 సెకన్లలో చెదురుతుంది. నిమిషాలు పడితే లోపల పెద్దవే ఉన్నాయి. తిప్పుతుండగా అవి ఒక సైజు దగ్గర ఆగకుండా కాలంతో పెరుగుతూ పోతున్నాయా? మైక్రోస్కోప్‌లో పదునైన అంచులు కనిపిస్తున్నాయా? రెండు స్పష్టమైన గాఢతలు కొలవగలుగుతున్నారా? వీటికి అవునని జవాబు వస్తేనే విడిపోయిందనండి.

అదే శాంపిల్ రెండోసారి తిప్పితే అంత మబ్బు రాలేదేంటి?

ముందు గొలుసులు తెగాయేమో చూడండి. కొత్త శాంపిల్, వాడిన శాంపిల్ రెండిటికీ జీపీసీ (గొలుసుల్ని సైజును బట్టి వేరుచేసి కొలిచే పరీక్ష) చేయిస్తే తెలిసిపోతుంది. పరిశ్రమకు ఇది బాగా తెలిసిన తలనొప్పి. అతి తక్కువ పాలిమర్ కలిపితే పైపులో అల్లకల్లోల ప్రవాహపు ఘర్షణ తగ్గుతుందని 1948లో టామ్స్ చెప్పాడు, 1979లో అలాస్కా ఆయిల్ పైప్‌లైన్‌లో దాన్ని వాడటం మొదలుపెట్టారు. పంపు గుండా వెళ్లగానే గొలుసులు ముక్కలవుతాయి కాబట్టి పంపింగ్ స్టేషన్ దాటాక మళ్లీ కొత్తగా ఎక్కించాలి. తెగకపోయినా ఇంకో కారణం ఉంటుంది, మీరు మధ్యలో తగినంతసేపు ఆగలేదు, శాంపిల్‌కు పాత షియర్ గుర్తుంది.

దారాల్లాంటివి వచ్చాయి, ఎంతసేపు ఆగినా కరగట్లేదు.

మీ పాలిమర్ గడ్డకట్టే రకమా, అంటే క్రిస్టల్ అయ్యేదా? 1960లలో పెన్నింగ్స్ పాలిథిలీన్‌ను జైలీన్‌లో కరిగించి తిప్పితే పీచులాంటి క్రిస్టల్స్ వచ్చాయి, మధ్యలో సాగిన గొలుసుల కడ్డీ, దాని మీద గుచ్చినట్టు పలకలు, అందుకే వాటికి షిష్-కబాబ్ అని పేరు పడింది. అవి మళ్లీ వేడి చేస్తేనే కరుగుతాయి. మామూలు పాలిస్టైరీన్ గొలుసు క్రమం లేనిది, క్రిస్టల్ కాదు, దాంట్లో దారాలు మిగిలాయంటే దుమ్మో, సరిగా కరగని జెల్ ముద్దలో అయ్యుంటాయి, ఫిల్టర్ చేయండి.

## ఇంకొన్ని

అన్ని పాలిమర్లకూ ఇలాగే అవుతుందా?

కాదు. పాలిస్టైరీన్, పాలీ వినైల్ మిథైల్ ఈథర్ కలిపిన మిశ్రమంలో షియర్ వల్ల విడిపోయినవి తిరిగి కలవడం కూడా చూశారు. సబ్బు తరహా అణువులు పురుగుల్లా పొడవాటి మైసెల్స్ (అణువుల గుంపులు) కట్టిన ద్రావణాల్లో ఇంకో తమాషా ఉంది, షియర్ బ్యాండింగ్, అంటే ఒకే గ్యాప్‌లో వేగంగా జారే పొర, నెమ్మదిగా కదిలే పొర పక్కపక్కనే ఏర్పడతాయి. చిక్కుపడిన మామూలు పాలిమర్లలో అది నిజంగా ఉందా, లేక అంచు చీలడం లాంటి ప్రయోగ దోషమా అన్న దాని మీద పరిశోధకులు బాగానే కొట్టుకున్నారు.

ల్యాబ్ బయట దీనికి పనేమైనా ఉందా?

దారాలు వడికే ప్రతిచోటా ఉంది. పట్టుపురుగు చూడండి, ధర్మవరం మగ్గాల మీదికొచ్చే పట్టు కూడా మొదట దాని గ్రంథిలో నీళ్లలో కరిగిన ప్రొటీనే, తల అటూ ఇటూ ఊపుతూ లాగినప్పుడు ఆ సాగదీత వల్ల, దారిలో మారే ఆమ్లత్వం, లవణాల వల్ల నీటిని వదిలేసి గట్టిపడుతుంది, అదీ మామూలు వాతావరణపు వేడిలోనే. నైలాన్ దారం తీయాలంటే 250 డిగ్రీలు దాటించి కరిగించాలి. ఆయిల్ బావుల్లోకి పాలీఅక్రిలమైడ్ నీళ్లు ఎక్కించేచోట సమస్య దీనికి ఉల్టా, అక్కడ ఏదీ విడిపోకూడదు, ఏ గొలుసూ తెగకూడదు.

మా కాలేజీలో రియో-ఆప్టిక్స్ (తిప్పుతూనే కాంతితో చూసే ఏర్పాటు) లేదు. ఏమీ చేయలేమా?

చేయొచ్చు. రెండు గుండ్రటి గాజు ప్లేట్లు, మధ్యలో అర మిల్లీమీటరు గ్యాప్, పై ప్లేటును తిప్పే చిన్న స్టెప్పర్ మోటార్, కింద నుంచి తక్కువ శక్తి ఎర్ర లేజర్, పైన బట్టర్ పేపర్ తెర, ఫోన్ కెమెరా. లేజర్‌ను కేంద్రంలో కాకుండా అంచుకు దగ్గరగా పెట్టండి, అప్పుడే షియర్ రేట్ ఎంతో తెలుస్తుంది: ఆ చోట వేగాన్ని గ్యాప్‌తో భాగించడమే. కెమెరా ఆటో ఎక్స్‌పోజర్ ఆపేయాలి, లేదంటే మబ్బు పెరిగేకొద్దీ ఫోనే వెలుతురు సరిచేసి మిమ్మల్ని మోసం చేస్తుంది. నేరుగా వచ్చే కిరణాన్ని తెర మధ్యలో నల్ల టేపు ముక్కతో ఆపండి, దాంట్లోకి కళ్లు పెట్టి చూడొద్దు. ప్లేట్ల ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఒకటి తప్పనిసరి, అది లేకుండా తీసిన ఫొటోతో ఏదీ రుజువు చేయలేరు.